లక్ష్మివారం నాటి ఎక్స్ఛేంజ్ మేళా

చక్కగా నడిచే స్కూటరు ఇచ్చి, తోస్తే తప్ప కదలని మోపెడ్ తెచ్చుకున్న మొనగాణ్ని గంజాం జిల్లాలో మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. దారిన పోయే అమాయకుడెవరో చేస్తే అందులో గొప్పేముంది? పాత బళ్లకు ధర కట్టడంలో చెయ్యి తిరిగినవాణ్ని నేను. ఎదుటివాడి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, సీటు మీద ఒక దెబ్బ వేసి, సైలెన్సరు దగ్గర చెవి పెట్టి, నిట్టూర్చి, అప్పుడు కదా నోరు విప్పేవాణ్ని. ఆ నిట్టూర్పుకే వెయ్యి రూపాయలు తగ్గేవి. అలాంటివాణ్ని, ఒక్కసారి కూడా చుట్టూ తిరగకుండా ఒక బండి పుచ్చుకున్నాను. ఎందుకు తిరగలేదో చెబుతాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోనులో నాలుగు ఫొటోలు తీసి ధర తెప్పించేస్తున్నారు. వాళ్లకు ఇది పనికొస్తుందో లేదో తెలియదు కానీ నవ్వుకోవడానికైతే లోటుండదు.

మాది బరంపురం బజారులో పచారీ కొట్టు. మా పెదనాన్నది పక్కన బట్టల కొట్టు, మేనమామది ఎదురుగా ఇత్తడి సామాన్ల కొట్టు. మా ఇంట్లో పిల్లలకు నడక వచ్చేలోపే బేరం వచ్చేది. అమ్మ అన్నం వడ్డిస్తే "కొసరేది?" అని అడిగిన వంశం. అయితే ముగ్గురు అన్నదమ్ములకు ఒక కొట్టు చాలదు కాబట్టి కడగొట్టువాణ్నయిన నేను ఉద్యోగంలో పడ్డాను. ఊళ్లో ఒక మోటారు సైకిళ్ల షోరూములో స్పేరు పార్టుల కౌంటరు. ఫ్యాను కింద కుర్చీ, చేతికందే దూరంలో అలమర, అడిగినవాడికి అడిగిన సామాను. ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే ఉన్నాను, బజారులో ఎవరైనా పాత బండి కొంటూ ధర కట్టమని పిలిస్తే మా మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లడం తప్ప.

తరువాత ఎక్స్ఛేంజ్‌లు వచ్చాయి. పాత బండి తెండి, దాని ధర తగ్గించుకుని కొత్తది తీసుకెళ్లండి అనే పద్ధతి. అది చూసినప్పటి నుంచి నాకు స్పేరు పార్టుల కుర్చీలో కుదురు లేదు. నట్టులకూ బోల్టులకూ ధర అచ్చేసి ఉంటుంది, అందులో బేరమేముంది? పాత బండి అలా కాదు. దాని ధర ఎక్కడా రాసి ఉండదు, ఇద్దరి నోళ్లలో ఉంటుంది. వెళ్లి షోరూము యజమానిని, మా షావుకారును, అడిగాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఏటోయ్, ఆ కుర్చీ నీకు సేదయిపోనాదా?"

"చేదు కాదండి. ఇది తీపిగా కనిపిస్తోంది."

"సరే అయితే. సోనేపూర్ వేపు ఒక మేళా పెట్టు. పది పాత బళ్లు పట్టుకురా. తెచ్చినావంటే ఎక్స్ఛేంజ్ సెక్షను నీదే. తేనేదనుకో, స్పేరు పార్టుల్లో మా బావమరిది ఉంటాడు. మరి నువ్వెక్కడుంటావో నాకు తెల్దు."

అంటే నా కుర్చీ ఆ రోజే ఆయన బావమరిదికి వెళ్లిపోయింది. చేతిలో ఉన్నది ముందే ఇచ్చేసి, ఇంకా రానిదానికి సంతకం పెట్టాను. మా నాన్న బతికుంటే చెంప పగలగొట్టేవాడు. షోరూములో మొట్టమొదటి ఎక్స్ఛేంజ్ నాదే అన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

మేళాకు రోజు కుదర్చడంలో నేను చూపించిన తెలివి ఇక వినండి. సోనేపూర్ సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడివాళ్లు తెల్లారగట్ల చేపలు ఐసు పెట్టెల్లో వేసి, మోపెడ్ల వెనక కట్టుకుని బరంపురం తెచ్చి అమ్ముతారు. ఉప్పు నీళ్లు కారి కారి ఆ బళ్లు రెండు మూడేళ్లకే పుచ్చిపోతాయి. కొత్త బళ్లు కావలసినవాళ్లు వాళ్లే. కానీ రోజూ తెల్లారి లేస్తే వ్యాపారంలో ఉండేవాళ్లకు మేళాకు రావడానికి తీరికెప్పుడు? ఆలోచించగా ఆలోచించగా దొరికింది. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు, అదే గురువారం నాడు, ఒడియా ఇళ్లలో చేప వండరు. చేప వండని రోజు చేపలవాళ్లకు సెలవు. పైగా లక్ష్మీదేవి రోజు. కొత్త వస్తువు ఇంటికి తెచ్చుకోవడానికి అంతకంటే మంచి రోజేముంది? మా కొట్లో లక్ష్మివారం బేరాన్ని నాన్న కళ్లకద్దుకునేవాడు.

మా షోరూము మెకానిక్కు ఒడియా మనిషి. నన్ను భాయినా అంటాడు, అన్నయ్యా అన్నట్టు. మేళాలో ఇంజన్లు చూసే పని అతనిది. "మార్గశిర లక్ష్మివారం. మంచి రోజేనా?" అని అడిగాను.

"చాలా మంచి రోజు భాయినా," అన్నాడు.

కంపెనీకి రాయించి ఆ ఒక్క రోజుకు మూడు వేలు అదనపు బోనసు కూడా తెప్పించాను. షరతు ఒకటే. ఆ సాయంత్రం లోపల పాత బండి మా చేతికి రావాలి, కాగితం మీద సంతకం పడాలి. కొత్త బండి తాలూకు డబ్బు తీసుకెళ్లే రోజున కడితే చాలు.

సోనేపూర్ దారిలో కూడలి దగ్గర టెంటు వేశాం. మైకు, టీ, కొత్త మోపెడ్లకు బంతిపూల దండలు. నా లెక్క అక్షరాలా నిజమైంది. పొద్దెక్కకముందే జనం నిండిపోయారు. కొత్త బళ్ల మీద కూర్చున్నారు, హారన్లు కొట్టారు, దీపాలు వేసి ఆర్పారు, టీలు తాగారు. రెండోసారి కూడా తాగారు. ఒక్కడి వెంటా పాత బండి లేదు.

ఒకాయన్ను పట్టుకున్నాను. "మీ బండేది?"

"ఇంటి కాడుంది."

"తీసుకురావచ్చు కదా, ధర కడతాం."

"సోమారం తెత్తాను."

"బోనసు ఇవాళ్టికే."

"అలగా," అని ఇంకో టీ అందుకున్నాడు.

రెండోవాడూ అదే మాట. మూడోవాడు ఒడియాలో అదే మాట. బేరమాడి తగ్గించమంటే నాకు బాధ లేదు. వీళ్లు బేరమే ఆడటం లేదు. నా జన్మలో అలాంటి గిరాకీని చూడలేదు. చిరాకు కంటే ముందు ఆశ్చర్యం, దాని వెనకే ఇదేమిటో తెలుసుకోవాలన్న దురద. మధ్యాహ్నానికి మెకానిక్కును టెంటు వెనక్కి తీసుకెళ్లాను.

"ఏమిటిది?"

"మాణబసా గురుబారం కదా భాయినా. ఇంట్లో లక్ష్మిని కూర్చోబెడతారు. ఇవాళ ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి పంపరు. పక్కింటివాళ్లకు అగ్గిపుల్ల కూడా ఇవ్వరు."

"మరి మంచి రోజన్నావు."

"మంచి రోజే. కొనడానికి మంచి రోజు. ఇవ్వడానికా అని మీరు అడగలేదు."

నిజమే, అడగలేదు. కొట్టు గుమ్మంలో పెరిగినవాణ్ని. లక్ష్మి ఎప్పుడూ లోపలికి వచ్చేదే చూశాను. అవతల ఏ గుమ్మంలోంచో బయలుదేరితేనే ఇక్కడికి వస్తుందని నాకెప్పుడూ తోచలేదు.

అప్పుడొచ్చారు ఆ మొగుడూ పెళ్లాలూ. మొగుడు మాటలు తక్కువ మనిషి, కొత్త మోపెడ్ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లేవలేదు. ఆవిడ మాత్రం తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బోనసు మూడేలంట. నిజిమేనా?"

"నిజమే. ఇవాళ్టికే."

"మా బండి దారిలో సచ్చిపోతంది బాబూ. మొన్న పెట్టెడు సేప ఎండకి పోనాది. ఈయన బండి తోసుకుంటా వచ్చినాడు, నాను పెట్టి నెత్తినెట్టుకున్నాను. ఇంకొక్క పాలి అలగైతే మాకు యాపారం నేదు. మూడేలంటే మాకు సిన్న మాట గాదు."

"అయితే బండి తీసుకురండి."

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన మొదటిసారి నోరు విప్పాడు. "మాయమ్మ ఇవ్వదు."

ఆ రోజంతటిలో నాకు దొరికిన మొదటి నిజమైన బేరం అది. అవతల ఒక మనిషి ఉంది, 'ఇవ్వను' అంటోంది. ఇంతకంటే ఏం కావాలి? "నేనొచ్చి మాట్లాడతాను," అని స్కూటరు తీశాను. స్కూటరు గురించి ఒక మాట. ఎనిమిదేళ్లుగా నాది. రోజూ తుడిచేవాణ్ని. ఒక్క తన్నుకు బయలుదేరేది.

సోనేపూర్‌లో వాళ్ల ఇల్లు ఇసక సందు చివర. గడప దగ్గర ఆగిపోయాను. వాకిట్లోంచి లోపలి దాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేసి ఉన్నాయి, లక్ష్మీదేవి లోపలికి నడిచి వెళ్లినట్టు. గడప లోపలి అరుగు మీద మోపెడ్. హ్యాండిలుకు బంతిపూలు, ముందు దీపానికి బొట్టు, సీటు మీద ఉతికిన చీర ముక్క. పాదాలు దాని చుట్టూ కూడా ఉన్నాయి. ముందు చక్రానికి జానెడు దూరంలో ఒక పాదం, దాని పక్కన ఒకటి. లోపల మూల కొలత గిన్నె నిండా కొత్త ధాన్యం, దీపం. ఎక్కడ కాలు పెట్టినా అమ్మవారి పాదం మీదే పెట్టాలి. గడప బయటే నిలబడ్డాను.

ముసలావిడ లోపలి నుంచి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. "బండి కోసం వచ్చినావా నువ్వు?"

"బోనసు ఇవాళ ఒక్క రోజేనమ్మా."

"లచ్చిందేవి కూడా ఇయ్యాలే వచ్చింది. వచ్చిన పూటే బండి బయటికి ఎలగ తోత్తాం? ఆ పాదాల మీంచి ఎనక్కి తియ్యాలి. సూడు నువ్వే."

చూశాను. నిజంగానే దారి లేదు.

"పోనీ రేపు? కంపెనీవాళ్ల కాళ్లు పట్టుకుంటాను."

"రేపు సుక్కురారం. మనోళ్లకి సుక్కురారం కూడా లచ్చిందేవిదే గదేటి. మీ ఇంట్లో ఇత్తారేటి?"

ఇవ్వరు. మా అమ్మ శుక్రవారం పూట పెరుగు తోడు కూడా ఇచ్చేది కాదు.

"శనివారం?"

"సెనివారం ఇనుము ఇంటికి తెత్తారేటి బాబూ? నీకు అమ్మా నాన్నా సెప్పనేదేటి?"

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదివారం మా షోరూముకు సెలవు. ఒడియా దేవతా, తెలుగు దేవతా, శనిదేవుడూ, మా షావుకారూ నలుగురూ కూడబలుక్కుని సోమవారం దాకా తలుపు మూసేశారు. బేరంలో ఇంత చక్కగా దిగ్బంధం అవడం నాకదే మొదలు. ముసలావిడ మీద గౌరవం కలిగింది.

లోపల ఏదో ఆవిరి మీద ఉడుకుతున్న వాసన. కొబ్బరి, బెల్లం, కొత్త బియ్యం. పొద్దుటి నుంచి నా కడుపులో టీ తప్ప ఏమీ లేదు. నా చూపు చూసి ముసలావిడే చెప్పింది. "పిఠాలు. బయటోళ్లకి పెట్టకూడదు. పెళ్లయి ఎల్లిపోనాక ఆడపిల్లక్కూడా ఎట్టం. ఏటనుకోకు."

ఏమనుకుంటాను? అయితే అక్కడే నా బుర్రలో ఏదో కదిలింది. కంపెనీకి కావలసింది ఒక పాత బండి. అది ఈ గడప దాటినదే కావాలని ఎక్కడా లేదు. కాగితాలు సరిగా ఉంటే ఎవరిదైనా సరే. సాయంత్రం ఖాళీ చేతులతో షావుకారు ముందుకు వెళ్తే నాకు పాత కుర్చీ లేదు, కొత్త కుర్చీ లేదు. పది కాకపోయినా ఒకటి ఉంటే నోరు విప్పడానికి వీలుంటుంది. సున్నాతో బేరం ఎవడాడగలడు?

"అమ్మా, ఇవాళ నా స్కూటరు మీ పేరున ఇచ్చేస్తాను. బోనసు మీకు రాస్తారు. సోమవారం మీ మోపెడ్ నాకివ్వండి. బండికి బండి."

ముసలావిడ నా స్కూటరును చూసింది. గడప దిగి వచ్చి దాని చుట్టూ తిరిగింది. సీటు మీద కొట్టింది. వెనక్కి వెళ్లి వంగి చూసింది. నేను గడప బయట నిలబడి, పూలదండ వేసుకున్న మోపెడ్ ముందు దీపాన్ని చూస్తూ ఉన్నాను. ముందు దీపం బాగానే ఉంది.

"బండికి బండేనా? మళ్లీ మీద డబ్బు అడగవు గదా?"

"అడగను."

"లచ్చిందేవి ఇంటోంది," అంది.

కోడలు కాగితం మీద సంతకం పెట్టింది. అత్త దానికి అడ్డు చెప్పలేదు. సంతకం పెట్టినంత మాత్రాన ఏ వస్తువూ గడప దాటదు.

టెంటు దగ్గరికి వచ్చి నా స్కూటరును నేనే మెకానిక్కుకు అప్పగించాను. అతను దాని చుట్టూ తిరిగాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. సైలెన్సరు దగ్గర చెవి పెట్టాడు. నిట్టూర్చాడు.

"ఎందుకా నిట్టూర్పు?"

"ఇంజను దగ్గుతోంది భాయినా."

"అది దగ్గు కాదు, చల్లబడింది, అంతే."

"సీటు కుట్టు వదిలింది. బ్రేకు పట్టడం లేదు. యజమాని బాగుందన్న చోటే ముందు చూడమని మీరే నేర్పారు." పదకొండు వేలు అని రాశాడు. బయట పదిహేనుకు కళ్లు మూసుకుని పోతుందని నా నమ్మకం. అతని ముఖంలో నవ్వు లేదు. ఇంతకాలం జనం నన్నెందుకు అలా చూసేవారో అప్పుడర్థమైంది.

చీకటి పడేలోగా టెంటు విప్పి సామానుతో పాటు వ్యానులో షోరూముకు చేరాం. షావుకారు బయటే నిలబడి ఉన్నాడు.

"ఎన్ని?"

"ఒకటండి."

దించిన బండిని చూశాడు. మళ్లీ చూశాడు. "ఇది నీదిలాగుందేటోయ్."

"నాదేనండి."

ఆయన నవ్వడం మొదలెడితే బావమరిది స్పేరు పార్టుల కౌంటరు నుంచి పరిగెత్తుకొచ్చాడు. నా కుర్చీలోంచి లేచి వచ్చాడు, అది కూడా గమనించాను. నవ్వు తగ్గాక జరిగింది చెప్పాను. "వాళ్లు వద్దన్నది మార్పిడిని కాదండి, రోజును. వచ్చిన ప్రతివాడూ సోమవారం తెస్తానన్నాడు. కంపెనీ బోనసు పోయింది. అందులో సగం మీరు ఇవ్వండి, సోమవారం చూడండి."

"సగమా? నా డబ్బు?"

"పావు వంతు తక్కువ సగం."

అలా గీచి గీచి బండికి వెయ్యి రూపాయల దగ్గర తెగింది. ఎలాగైతేనేం, సోమవారం వరకు నా ఉద్యోగం గాలిలో నిలబడింది.

సోమవారం ఆరు పాత మోపెడ్లు వచ్చాయి. టీలు రెండుసార్లు తాగినాయన అందరికంటే ముందున్నాడు. నా స్కూటరూ కలిపితే ఏడు. "పదన్నాను గదా," అన్నాడు షావుకారు. "మూడు కొసరు వేసుకోండి," అన్నాను. సెక్షను దక్కింది. ఫ్యాను మాత్రం దక్కలేదు, అది బావమరిది నెత్తిమీదే ఉండిపోయింది. మేళాలకు రోజు చూసే పని ఆ తరువాత మెకానిక్కుకు అప్పగించాను. మంచి రోజేనా అని కాకుండా, ఇవ్వడానికి మంచి రోజేనా అని అడగడం నేర్చుకున్నాను.

ఆ సోమవారమే ఈ లెక్కలోకి రాని మోపెడ్ కూడా వచ్చింది, నాకు రావలసినది. మొగుడు తోసుకుంటూ తెచ్చాడు. వాళ్లు కొత్త బండి మీద వెళ్లిపోయాక దాని వెనక్కి వెళ్లి చూశాను. వెనక భాగమంటూ ఏమీ లేదు. ఐసు పెట్టె కింద ఇనుమంతా ఉప్పు తినేసింది. తాళ్లతో కట్టి ఉంది. ముందు దీపం మాత్రం నిజంగా బాగుంది.

చేప గడప తొక్కని ఇల్లు మాది. ఆ సాయంత్రం దాన్ని తోసుకుంటూ సందులోకి వస్తుంటే మూడు పిల్లులు వెంటబడ్డాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ముందు పిల్లుల్ని, తరువాత నన్ను, ఆఖరున బండిని చూసింది. "స్కూటరేది?" అంది.

"మార్చాను."

"దీనికా?"

"ఆఁ."

"కొసరుగా పిల్లులిచ్చారా?" అని లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు అదే ఆఖరి మాట.

మెకానిక్కు వెల్డింగు పెట్టి దాన్ని నడిచేలా చేశాడు. ఏడాది పైగా దాని మీదే తిరిగాను. సర్వీసు క్యాంపులు మాత్రం మార్గశిర లక్ష్మివారాల్లోనే పెట్టించాను. చేపలవాళ్లకు తీరిక, బండి ఇంటి దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు, మేమే ఇంటింటికీ వెళ్లి చూసేవాళ్లం. నా పాత తెలివి ఊరికే పోకూడదు కదా.

మరుసటి ఏడు అలా ఒక లక్ష్మివారం సోనేపూర్‌లో ఆ ఇంటి ముందు ఆగాను. కొత్త మోపెడ్ వెనక రేకు తొడిగించుకున్నారు, ఉప్పు నీరు తగలకుండా. చుట్టూ పాదాలు. నేను మళ్లీ గడప బయటే. ముసలావిడ నన్ను చూడలేదు, నా బండిని చూసింది. వెల్డింగు మీద చెయ్యి వేసి చూసింది. లోపలికి వెళ్లి ఆకులో ఒక పిఠా పట్టుకొచ్చింది.

"తిను."

"బయటివాళ్లకు పెట్టకూడదన్నారు కదమ్మా."

"ఈ బండి మా ఇంటిది. దీని మీద తిరిగినోడు బయటోడెలగౌతాడు?"

కోడలు లోపలి నుంచే అంది, "అత్తకి ఆ బండి మీద పేణం బాబూ. మీ మీద గాదు."

నిలబడే తిన్నాను.

ఇక లెక్క. నా స్కూటరు ధర పదిహేనని నేనంటాను. అవతలివాడిదైతే నేనూ పదకొండే కట్టేవాణ్ని, కాబట్టి అదే అసలు ధర. మోపెడ్‌ను చివరికి పాత ఇనుము కింద అమ్మితే వచ్చింది రెండు వేల ఎనిమిది వందలు. కుర్చీ వచ్చింది, ఫ్యాను పోయింది, ఆ రెండూ కొట్టేశాను. పిల్లులు నెల తిరక్కుండా వాటంతటవే వెళ్లిపోయాయి. మిగిలిన నష్టం ఎనిమిది వేల రెండు వందలు. పిఠా కూడా వేసి చూశాను. అంకె మారలేదు. అందులో బెల్లం కొంచెం తక్కువైంది.